రైల్లో వేలాడే తాళంచెవి



ఈ పూట ఒకే ఒక్క సంగతి మాట్లాడుకుందాం. దానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఒక తాళంచెవి, మూరెడు దారం చాలు. ఇంకొకటి కావాలి, రైలు ప్రయాణం. దానికి మనకి కొదవ లేదు. హౌరా–చెన్నై మెయిన్ లైను మన బరంపురం మీదుగానే పోతోంది. ఈ గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1893కీ 1896కీ మధ్య వేసిన తూర్పు తీరపు రైలుదారి అది. ఇటు వెళ్తే ఇచ్ఛాపురం, పలాస, విశాఖపట్నం. అటు వెళ్తే ఛత్రపురం, రంభ, చిలికా సరస్సు ఒడ్డు, భువనేశ్వర్. పెళ్లికైనా, చదువుకైనా, పెద్దాసుపత్రికైనా మనవాళ్లు ఎక్కేది ఈ బండ్లే.

సరే, బండి ఎక్కారనుకుందాం. బరంపురం స్టేషన్లో బండి ఆగి ఉంది. తాళంచెవికి దారం కట్టండి. దారం రెండో కొసని పైబెర్తు కమ్మీకి ముడెయ్యండి. తాళంచెవి నిటారుగా వేలాడుతుంది. ఊగుతుంటే ఆగనివ్వండి. ఇప్పుడు దాన్నే చూస్తూ ఉండండి.

బండి కదిలింది. తాళంచెవి ఏం చేస్తుంది? కొంచెం వెనక్కి వాలుతుంది. ఎంతో కాదు, మూరెడు దారానికి ఒక వేలి మందం. ఇంజను వేగం పెంచుతున్నంతసేపూ అలా వాలే ఉంటుంది.

గొలంతరా స్టేషను దాటింది. బండి వేగం అందుకుంది. గంటకి వంద కిలోమీటర్లు అనుకుందాం. లోకో పైలట్ ఇంక వేగం పెంచడం లేదు, తగ్గించడం లేదు. వందంటే వందే. దారి తిన్నగా ఉంది. ఇప్పుడు తాళంచెవిని చూడండి. బండి కుదుపులకి అటూ ఇటూ కాస్త ఊగుతుంది, ఆ ఊగుడు వదిలేయండి. మొత్తం మీద ఎలా ఉంది? నిటారుగా ఉంది. బరంపురం స్టేషన్లో బండి ఆగి ఉన్నప్పుడు ఎలా ఉందో, అచ్చం అలాగే ఉంది.

ఇచ్ఛాపురం దగ్గరపడింది. బ్రేకు పడింది. తాళంచెవి ముందుకి వాలింది. బండి ఆగింది. మళ్లీ నిటారు.

మన విషయమంతా ఇందులోనే ఉంది. వేగం పెరుగుతున్నప్పుడు తాళంచెవి వాలింది. తగ్గుతున్నప్పుడూ వాలింది. వేగం మారనప్పుడు మాత్రం నిటారుగా ఉంది. ఆ మారని వేగం సున్నా అయినా ఒకటే, వంద అయినా ఒకటే. కిటికీలు మూసేసి, చప్పుళ్లూ కుదుపులూ లేకుండా చేసి, ఈ తాళంచెవి ఒక్కటే మీకిచ్చి, బండి నిలబడి ఉందా, వందలో పోతోందా చెప్పమంటే మీరు చెప్పలేరు. నేనూ చెప్పలేను. ఏ పరికరంతోనూ, ఎంత గొప్ప శాస్త్రవేత్తకైనా సాధ్యం కాదు. ఈ మాట మీద నేను కాస్త ఎక్కువసేపు నిలబడతాను. ఎందుకంటే ఇది వినడానికి చిన్న మాటే గాని, మనిషికి ఇది తెలియడానికి రెండు వేల ఏళ్లు పట్టింది.

ముందు తాళంచెవి ఎందుకు వాలిందో చూద్దాం. బండి కదిలినప్పుడు దాన్ని ఎవరో వెనక్కి తోశారా? లేదు. ఎవరూ తోయలేదు. తాళంచెవి నిలబడి ఉంది. నిలబడే ఉండాలని చూసింది. పైన కమ్మీ మాత్రం బండితో పాటు ముందుకెళ్లింది. దారం ఏటవాలు అయింది. అలా ఏటవాలైన దారమే తాళంచెవిని ముందుకి లాగుతోంది. ఆ లాగుడే బలం. ఆ బలం వల్లే తాళంచెవి కూడా బండితో సమానంగా వేగం అందుకుంటోంది.

మీ సంగతీ అంతే. బండి కదిలినప్పుడు మీ వీపు సీటుకి అతుక్కుంటుంది. నన్ను ఏదో వెనక్కి నెట్టింది అనుకుంటారు. కాదు. సీటే మిమ్మల్ని ముందుకి నెట్టింది. బ్రేకు పడితే ముందుకి తూలుతారు. అప్పుడూ మిమ్మల్ని ఎవరూ ముందుకి తోయలేదు. బండి ఆగుతోంది, మీరు మాత్రం అదే వేగంతో పోతున్నారు. ఉన్న స్థితిని వదలకపోవడం ప్రతి వస్తువుకీ స్వభావం. నిలబడి ఉంటే నిలబడే ఉంటుంది. పోతూ ఉంటే అదే వేగంతో, అదే దిక్కుకి పోతూనే ఉంటుంది. ఈ స్వభావాన్నే జడత్వం అంటాం. పిల్లల పుస్తకాల్లో మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు అసలు చిక్కు వస్తుంది. జడత్వం వల్ల పోతున్న వస్తువు పోతూనే ఉంటుందంటే, మరి వందలో పోతున్న రైలుకి ఇంజను ఎందుకు? ఒకసారి వేగం అందుకున్నాక ఇంజను ఆపేయొచ్చు కదా? ఇది తప్పు ప్రశ్న కాదు. చాలా మంచి ప్రశ్న. ఏ పిల్లాడైనా అడిగితే మెచ్చుకోవాలి.

జవాబు ఏమిటంటే, రైలుని వెనక్కి లాగేవి ఉన్నాయి. ఎదురుగాలి ఉంది. చక్రానికీ పట్టాకీ మధ్య ఘర్షణ ఉంది. ఇరుసుల దగ్గర రాపిడి ఉంది. ఇవన్నీ కలిసి బండిని వెనక్కి లాగుతుంటాయి. లెక్క కోసం ఈ వెనక్కి లాగే బలం ఐదు టన్నులు అనుకుందాం. ఇంజను కూడా సరిగ్గా ఐదు టన్నుల బలంతో ముందుకి లాగుతోంది అనుకుందాం. ముందుకి ఐదు, వెనక్కి ఐదు. మిగిలింది ఎంత? సున్నా.

బండి మీద మిగిలిన బలం సున్నా. అయినా బండి వందలో పోతోంది. సున్నా బలంతో వంద వేగం. ఇది మనసుకి ఎక్కడానికి కాస్త సమయం పడుతుంది, పట్టనివ్వండి. ఇంజను బలం బండిని నడపడానికి ఖర్చు కావడం లేదు. గాలీ ఘర్షణా చేసే నష్టాన్ని భర్తీ చేయడానికి ఖర్చవుతోంది. అంతే. ఇంజను ఆరు టన్నులతో లాగితే ఒక టన్ను మిగులుతుంది. అప్పుడు వేగం పెరుగుతుంది. నాలుగు టన్నులే లాగితే వెనక్కి ఒక టన్ను మిగులుతుంది. అప్పుడు వేగం తగ్గుతుంది. మిగులు ఉంటే మార్పు ఉంటుంది. మిగులు లేకపోతే మార్పు లేదు.

మళ్లీ చెబుతున్నాను. సాగడానికి బలం అక్కర్లేదు. మారడానికి బలం కావాలి.

దీన్ని రైల్వేవాళ్లు రోజూ వాడుకుంటున్నారు. స్టేషను ఇంకా చాలా దూరం ఉండగానే లోకో పైలట్ ఇంజను లాగడం ఆపేస్తాడు. దీన్ని కోస్టింగ్ అంటారు. ఎక్కడ ఆపాలో గుర్తుగా దారి పక్కన కోస్టింగ్ బోర్డులు కూడా పెడతారు. ఇంజను లాగడం లేదు. బ్రేకూ వేయలేదు. బండి తన జడత్వంతో తనే పోతూ ఉంటుంది. ఎంత దూరం పోతుంది? కిలోమీటర్ల తరబడి పోతుంది. వేగం మెల్లమెల్లగా తగ్గుతుంది. కరెంటు ఆదా అవుతుంది. లోపల కూర్చుని పల్లీలు తినేవాళ్లకి ఇంజను లాగడం ఆగిందన్న సంగతి కూడా తెలియదు.

అంత దూరం ఎలా పోతుంది అంటారా? ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లుతోంది. నెమ్మదిగా పోయేటప్పుడు, టన్ను బరువుకి వెనక్కి లాగే బలం ఇంచుమించు రెండు కిలోలు. అదే లారీ రబ్బరు టైర్లతో రోడ్డు మీద పోతే టన్నుకి అంతకు కొన్ని రెట్లు. అందుకే లారీకి ఇంజను ఆపితే తొందరగా ఆగిపోతుంది. రైలు ఆగదు.

మరి మనిషికి ఇది తెలియడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది? అది చూడడానికి రంభ దగ్గర చిలికాకి వద్దాం. నాటుపడవ మీద గెడ వేసుకుంటూ పోతున్నారు. చిలికా లోతు తక్కువ, గెడ అడుగుకి అందుతుంది. గట్టిగా ఒక్క తోపు తోశారు. పడవ సాగింది. గెడ ఎత్తేశారు. పడవ కాస్త దూరం పోయి ఆగిపోయింది. మళ్లీ తోశారు. మళ్లీ పోయి మళ్లీ ఆగింది. పొద్దంతా ఇదే పని. ఇది చూసిన మనిషికి ఏమనిపిస్తుంది? తోస్తే కదులుతుంది, తోయకపోతే ఆగుతుంది అనిపిస్తుంది. కదలాలంటే ఎప్పుడూ తోస్తూనే ఉండాలి అనిపిస్తుంది. కళ్లెదుట కనిపించేది అదే. ఎద్దుబండి చూసినా అంతే. తోపుడుబండి చూసినా అంతే.

గ్రీసు దేశపు అరిస్టాటిల్ అలాగే అనుకున్నాడు. క్రీస్తుకి పూర్వం నాలుగో శతాబ్దం ఆయనది. నెట్టేది ఒకటి ఉంటేనే వస్తువు కదులుతుంది, నెట్టడం ఆగితే కదలిక ఆగుతుంది అన్నాడు. ఆయన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. గెడ వేసేవాళ్ల అనుభవం ఆయన పక్కనే ఉంది. ఆయన దృష్టికి రానిది ఒక్కటే. పడవ తనంతట తను ఆగలేదు. నీళ్లు ఆపాయి. నీటి నిరోధం కంటికి కనిపించదు. గెడ తోపు మాత్రం కనిపిస్తుంది, చేతులకి నొప్పి కూడా తెలుస్తుంది. అందుకే లెక్కలో ఒక వైపే పడింది.

ఈ పొరపాటు భూమి దాకా వెళ్లింది. అది వినదగ్గ కథ.

క్రీస్తు శకం 499లో ఆర్యభటుడు తన గ్రంథంలో భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని చెప్పాడు. దానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ కూడా పడవే. పడవలో ముందుకి పోయేవాడికి ఒడ్డున ఉన్న కదలని వస్తువులు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి. అలాగే కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు మనకి కనిపిస్తాయి అన్నాడు. ఎంత చక్కటి ఆలోచన! అయినా తర్వాతివాళ్లు చాలామంది ఒప్పుకోలేదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు ఒక ఆక్షేపణ చెప్పాడు. భూమి అలా తిరిగేదే అయితే, ఆకాశంలోకి ఎగిరిన డేగ తిరిగి తన గూటికి ఎలా చేరుతుంది? అది పైన ఉన్న కాసేపట్లో గూడు ఎక్కడికో వెళ్లిపోదా?

ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. లెక్క వేసి చూద్దాం. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకి సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి తిరుగుతోంది. మన బరంపురం 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ ఆ వేగం గంటకి సుమారు 1,580 కిలోమీటర్లు. అంటే సెకనుకి 440 మీటర్లు. పెద్దబజారులో కరెంటు తీగ మీంచి ఒక కాకి పైకి లేచి, ఒక్క సెకను గాలిలో ఉంటే చాలు, ఆ తీగ అర కిలోమీటరుకి దగ్గరగా తూర్పుకి వెళ్లిపోయి ఉండాలి. కానీ కాకి వచ్చి మళ్లీ అదే తీగ మీద వాలుతోంది. మరి వరాహమిహిరుడి ప్రశ్నకి జవాబు ఏమిటి?

జవాబు మన రైల్లో ఉంది. వందలో పోతున్న బండిలో కూర్చుని ఒక రూపాయి బిళ్లని పైకి ఎగరేయండి. అది పైకి పోయి కిందికి రావడానికి అర సెకను పట్టింది అనుకుందాం. ఆ అర సెకనులో బండి 14 మీటర్లు ముందుకెళ్లింది. మరి బిళ్ల 14 మీటర్లు వెనక, పక్క పెట్టె దగ్గర పడాలి కదా? పడదు. మీ చేతిలోనే పడుతుంది. ఎందుకంటే మీ చేతిలో ఉన్నప్పుడే బిళ్లకి బండి వేగం ఉంది. చేతిని వదిలినంత మాత్రాన ఆ వేగం ఎక్కడికీ పోదు. దాన్ని తీసేయాలంటే బలం కావాలి. ముందుకిగాని వెనక్కిగాని ఆ బిళ్లని నెట్టే బలం ఏదీ లేదు. పెట్టెలో గాలి కూడా బండితోనే వస్తోంది. అందుకే బిళ్ల కూడా 14 మీటర్లు ముందుకొచ్చి మీ చేతిలో పడింది. కాకికీ డేగకీ అంతే. నేలతో పాటు, గాలితో పాటు వాటికీ ఆ 440 మీటర్ల వేగం ముందునుంచే ఉంది.

చూశారా, ఆర్యభటుడి దగ్గర సరైన చిత్రం ఉంది. ఆక్షేపణకి జవాబు ఇవ్వడానికి కావలసిన జడత్వం అనే భావన మాత్రం అప్పటికి ఇంకా రాలేదు. అది లేకపోతే భూమి స్థిరంగా ఉందనడమే సబబుగా తోస్తుంది. మన ఒడిశాలోనే, గంజాం పక్కన ఉన్న ఖండపడాలో 1835లో పుట్టిన పఠాణి సామంత చంద్రశేఖరుల్ని తీసుకోండి. వెదురుతోనూ కర్రతోనూ చేసుకున్న పరికరాలతో, ఉత్త కంటితో ఆయన గ్రహాలని కొలిచారు. ఆ కొలతలు చూసి పెద్ద దుర్భిణులున్నవాళ్లు కూడా ఆశ్చర్యపోయారు. ఆయన సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది. గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరుగుతాయి, సూర్యుడు మాత్రం కదలని భూమి చుట్టూ తిరుగుతాడు అని ఆయన పద్ధతి. అంత నిశితమైన చూపున్నవారికి కూడా ఆకాశం ఆ ఒక్క సంగతి చెప్పలేదు. ఉత్త కంటికి చెప్పదు కూడా. సమంగా సాగే కదలిక లోపల ఉన్నవాళ్లకి తెలియదు. మన తాళంచెవికి తెలియనట్టే.

ఈ ముడిని విప్పినవాడు ఇటలీ దేశపు గెలీలియో. 1632లో వచ్చిన పుస్తకంలో ఆయన ఓడ అడుగున మూసి ఉన్న గదిని ఊహించమన్నాడు. అందులో సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయి. పైన కట్టిన పాత్ర నుంచి చుక్కలు కింది పాత్రలో పడుతున్నాయి. ఓడ ఆగి ఉన్నా, కుదుపు లేకుండా సమంగా సాగుతున్నా, లోపల ఏ తేడా కనిపించదన్నాడు. తర్వాత 1687లో న్యూటన్ దీన్నే తన మొదటి గమన నియమంగా పెట్టాడు. బయటి బలం పని చేయనంత వరకూ నిలకడగా ఉన్నది నిలకడగానే ఉంటుంది, సమవేగంతో సాగేది సమవేగంతో సాగుతూనే ఉంటుంది. ఇక్కడ సమవేగం అంటే వేగం అంకె మారకూడదు, దిక్కు కూడా మారకూడదు. బండి వందలోనే పోతున్నా, మలుపు తిరిగితే అది మార్పే. అప్పుడు మన తాళంచెవి పక్కకి వాలుతుంది. భూమి తిరగడమూ మలుపే, కానీ ఒక చుట్టుకి పూర్తిగా ఒక రోజు పట్టే మలుపు కాబట్టి మన ఒంటికి అది తెలియనంత స్వల్పం.

గాలీ నీళ్లూ ఘర్షణా లేనిచోట ఇది ఎలా ఉంటుందో చూడాలంటే భూమి దాటి పోవాలి. వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌకని అమెరికావాళ్లు 1977 సెప్టెంబరు 5న పంపారు. గ్రహాలని దాటి, ఇప్పుడు సెకనుకి సుమారు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. దాన్ని ముందుకి నెట్టే ఇంజను ఏదీ పనిచేయడం లేదు. ఎక్కడో వెనక ఉన్న సూర్యుడు చాలా కొద్దిగా లాగుతున్నాడు, అంతే. ముందుకి నెట్టడానికి ఇంధనం ఖర్చు లేకుండానే ఏళ్లకి ఏళ్లు ప్రయాణం.

మనం మళ్లీ మన స్టేషనుకి వద్దాం. జడత్వం అన్నిటికీ ఒకేలా ఉండదు. వస్తువులో పదార్థం ఎంత ఉంటే జడత్వం అంత. ఖాళీ తోపుడుబండిని పిల్లాడైనా కదుపుతాడు. ఐదు వేల టన్నుల బొగ్గు గూడ్సుని కదపడం వేరే పని. అది కదిలేటప్పుడు ఎప్పుడైనా విన్నారా? ఇంజను వైపు నుంచి చివరిదాకా టకటకమని ఒక చప్పుడు పరుగెత్తుతుంది. పెట్టెకీ పెట్టెకీ మధ్య కప్లింగులో కొంచెం సందు ఉంటుంది. ముందు మొదటి పెట్టె కదులుతుంది. ఆ సందు బిగిసి రెండోది కదులుతుంది. తర్వాత మూడోది. ఇంజను అంత బరువునీ ఒక్కసారి కదపదు, ఒక్కొక్క పెట్టెనీ కదుపుతూ పోతుంది.

గూడ్సుకి ఆ సందు మేలు. మనుషులకి అదే సందు కుదుపు. రాత్రి పైబెర్తులో నిద్రపట్టినవాళ్లకి బాగా తెలుసు ఆ కుదుపు. గంజాం జిల్లా నుంచి పని కోసం సూరత్ వెళ్లినవాళ్లు ఎంతోమంది. వాళ్ల కోసం 2025 సెప్టెంబరు 27న బరంపురం నుంచి సూరత్ పక్కనే ఉన్న ఉధ్నాకి అమృత్ భారత్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. ఆ బండిలో రెండు సంగతులు గమనించండి. ముందు ఒక ఇంజను, వెనక ఒక ఇంజను ఉంటాయి. ఒకటి లాగుతుంది, ఇంకొకటి నెడుతుంది. పెట్టెల మధ్య కప్లింగులు కూడా సందు లేకుండా బిగువుగా ఉండే రకం. బలం రెండు కొసల నుంచీ అందుతుంది కాబట్టి వేగం త్వరగా అందుకుంటుంది. సందు లేదు కాబట్టి కుదుపు తగ్గుతుంది. సీటు దొరక్క నిలబడి వెళ్లే కూలివాడికి కుదుపు తగ్గడం చిన్న విషయం కాదు. ఇలాంటి బుద్ధి సాధారణ తరగతి పెట్టెల మీద పెట్టినందుకు నాకు సంతోషంగా ఉంది.

కదపడం కష్టమైతే ఆపడమూ అంతే కష్టం. ఇది మన జిల్లాకి బాగా తెలిసిన విషాదం. 2012 డిసెంబరు చివర్లో, రాత్రివేళ, రంభ దగ్గర ఏనుగుల మంద పట్టాలు దాటుతోంది. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఏనుగులు చనిపోయాయి. వేగంగా పోయే ఎక్స్‌ప్రెస్ పూర్తి బ్రేకు వేశాక కూడా ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. ఇంజను దీపం వెలుగు మాత్రం కొన్ని వందల మీటర్లే. ఏనుగు కనిపించేసరికి ఆగే దూరం దాటిపోయి ఉంటుంది. ఇంత జడత్వం ముందు చేతిలో ఉన్న బ్రేకు బలం ఎంత!

మరి దారి ఏమిటి? ముందే వేగం తగ్గించడం. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. అదే బ్రేకు బలంతో, వేగం సగం అయితే ఆగే దూరం సగం కాదు. నాలుగో వంతు. వందలో వెయ్యి మీటర్లు పడితే, యాభైలో 250 మీటర్లే. దీపం వెలుగులో కనిపించేంత దూరం అది. ఏనుగులు దాటే చోట్ల రాత్రిపూట బండి వేగం తగ్గిస్తే బండి ఆలస్యమయ్యేది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాలూ ఇవ్వాల్సిందేనని నా గట్టి అభిప్రాయం. మనకి కూడా అదే వర్తిస్తుంది. పట్టాలు దాటేటప్పుడు, బండి దూరంగా ఉంది కదా, చూసి ఆపుతాడులే అనుకోకండి. చూస్తాడు. ఆపలేడు.

ఇంకొకటి. బండి పూర్తిగా ఆగకముందే దిగే అలవాటు మనలో చాలామందికి ఉంది. ప్లాట్‌ఫారం వచ్చేసింది, బండి నెమ్మదించింది, దిగిపోదాం అనుకుంటారు. బండి గంటకి 20 కిలోమీటర్లలో ఉందనుకుందాం. చూడ్డానికి నెమ్మదే. కానీ అది సెకనుకి ఐదున్నర మీటర్లు. మీరు కాలు కింద పెట్టారు. కాలు ఆగింది. కాలిని ప్లాట్‌ఫారం ఆపింది. మీ నడుముని ఎవరు ఆపారు? తలని ఎవరు ఆపారు? ఎవరూ ఆపలేదు. అవి ఐదున్నర మీటర్ల వేగంతో ముందుకి పోతూనే ఉన్నాయి. మనిషి బోర్లా పడతాడు. పక్కనే బండికీ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు ఉంది. అమ్మా, అయ్యా, దయచేసి బండి ఆగాకే దిగండి. ఇచ్ఛాపురంలో రెండు నిమిషాలే ఆగుతుందని భయపడితే, సామాను తలుపు దగ్గరికి ముందే చేర్చుకోండి. దిగడం మాత్రం ఆగాకే.

ఇంక రోడ్డు. జాతీయ రహదారి 16 మీద కారులో విశాఖ వెళ్తున్నారు. అరవైలో పోతోంది. తల్లి ముందు సీట్లో కూర్చుని బిడ్డని ఒళ్లో పెట్టుకుంది. గట్టిగా పట్టుకున్నాను, నా చేతుల్లో ఉన్నాడు అనుకుంటుంది. ఏ తల్లైనా అలాగే అనుకుంటుంది. ఆ ప్రేమని నేను శంకించను. కానీ లెక్క వినండి. కారు దేన్నైనా గుద్దితే సెకనులో పదో వంతులో ఆగిపోతుంది. బిడ్డ బరువు 12 కిలోలు. అంత కొద్ది సమయంలో ఆ బిడ్డ వేగాన్ని అరవై నుంచి సున్నాకి తేవాలంటే, సుమారు 200 కిలోల బరువుని మోసేంత బలం కావాలి. ఏ తల్లి చేతులకీ, ఏ పహిల్వాన్ చేతులకీ ఆ బలం ఉండదు. చేతులు విడిపోతాయి. బిడ్డ అరవై వేగంతో ముందుకి పోతాడు. అరవై వేగంతో గుద్దుకోవడమంటే 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఎదిగిన కొబ్బరిచెట్టు మీంచి కింద పడడమే.

సీటు బెల్టు ఆ బలాన్ని ఇస్తుంది. అది మనిషిని కారుతో కలిపి కట్టేస్తుంది. కారు ముందు భాగం నలుగుతూ ఆగే ఆ కొద్ది సమయంలోనే మనిషి కూడా ఆగుతాడు. ఆ బలాన్ని రొమ్ము ఎముక మీద, తుంటి ఎముక మీద పరుస్తుంది. అందుకే నడుము బెల్టు పొట్ట మీద కాకుండా కిందుగా, తుంటి మీద ఉండాలి. గర్భిణులైతే ఇది మరీ ముఖ్యం, పొట్ట కిందుగానే పోవాలి. వెనక సీట్లోవాళ్లూ కట్టుకోవాలి. కట్టుకోకపోతే వాళ్ల ఒళ్లు వచ్చి ముందు సీట్లోవాళ్ల వీపుని తాకుతుంది, అదే అరవై వేగంతో. పిల్లల్ని వెనక సీట్లోనే, వాళ్ల వయసుకి తగిన పిల్లల సీటులో కట్టి కూర్చోబెట్టండి. వెనక అద్దం దగ్గర నూనె డబ్బా, కొబ్బరికాయల సంచి పెట్టకండి. అవి డిక్కీలో ఉండాలి. లారీ నడిపేవాళ్లు వింటుంటే ఒక మాట. బండి కదిలేముందు సరుక్కి కట్టిన తాళ్లు ముందువైపు, వెనకవైపు, పక్కలకీ లాగి చూసుకోండి. పది కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆపి మళ్లీ చూడండి. దారిలో సరుకు సర్దుకుని తాళ్లు వదులవుతాయి.